ఉపగ్రహ ఉష్ణోగ్రతా కొలతలు – వాతావరణ సూచన: బంగాళాఖాతం దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉపగ్రహాలు వాతావరణ ఉష్ణోగ్రతను నేరుగా కొలవవు. అవి కొలిచేది వాతావరణం నుండి వెలువడే వికిరణాన్ని మాత్రమే. ఆ వికిరణం నుండి ఉష్ణోగ్రతను రాబట్టడంలోని భౌతిక సూత్రాలను, అందులో ఎదురైన గణిత సమస్యను, 1990లలో ఆ సమస్యను పరిష్కరించిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. సమశీతోష్ణ మండలంలో గొప్పగా ఫలించిన ఈ పద్ధతి బంగాళాఖాతం వంటి ఉష్ణమండల సముద్రంపై ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్న ప్రశ్నను ప్రధానంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: ఉపగ్రహం, వికిరణం, దీప్తి ఉష్ణోగ్రత, దత్తాంశ సమ్మేళనం, తుపాను, బంగాళాఖాతం.

1. ఉపోద్ఘాతం

2022 ఏప్రిల్ చివరి వారంలో వాయవ్య భారతం వడగాలులతో అల్లాడుతున్నప్పుడు, యూరోపియన్ అంతరిక్ష సంస్థ విడుదల చేసిన ఒక ఉపగ్రహ పటం విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది. సెంటినెల్-3 ఉపగ్రహం తీసిన ఆ పటంలో గుజరాత్‌లోని కొన్ని ప్రాంతాల ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్‌ను దాటి ఉంది. ఆ రోజుల్లో వాతావరణ కేంద్రాలు నమోదు చేసిన గాలి ఉష్ణోగ్రతలు దానికి ఎంతో తక్కువ. ఉపగ్రహం చెప్పింది నిజమా, వాతావరణ కేంద్రం చెప్పింది నిజమా అని పలువురు వాదులాడుకున్నారు. నిజానికి రెండూ సరైన కొలతలే. ఉపగ్రహం చూసింది ఎండకు కాగిన నేల పైపొరను. వాతావరణ కేంద్రం కొలిచింది చెక్కపెట్టె నీడలో, నేలకు మీటరుకు పైగా ఎత్తులో ఉన్న గాలిని. మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా తారురోడ్డు దాటిన వారెవరికైనా ఈ రెండింటి మధ్య ఉన్న అంతరం తెలుసు.

ఈ ఉదంతాన్ని ప్రస్తావించడానికి కారణం ఉంది. ‘ఉపగ్రహం కొలిచిన ఉష్ణోగ్రత’ అనే పదబంధం తరగతి గదుల్లోనూ, పరిశోధన పత్రాల్లోనూ చాలా తేలికగా దొర్లిపోతోంది. అది నేల ఉష్ణోగ్రతా, సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతా, మేఘాగ్రపు ఉష్ణోగ్రతా, లేక 10 కిలోమీటర్ల ఎత్తులోని గాలి ఉష్ణోగ్రతా అన్న విచక్షణ ఉండడం లేదు. వీటిలో రేపటి, ఎల్లుండి వాతావరణాన్ని ముందుగా చెప్పడానికి అత్యధికంగా తోడ్పడేది చివరిది. పటాలలో అంతగా కనబడనిదీ అదే. ఈ వ్యాసం దానికే పరిమితం.

వాతావరణపు నిలువు కోతలో ఉష్ణోగ్రతను తెలుసుకునే పాత పద్ధతి బెలూన్. రేడియోసోండ్ అనే చిన్న పరికరాన్ని కట్టి ఎగరవేస్తే, అది పైకి పోతూ ఒత్తిడి, ఉష్ణోగ్రత, తేమ వివరాలను రేడియో సంకేతాలుగా పంపుతుంది. భారత కాలమానం ప్రకారం ఉదయం 5.30కు, సాయంత్రం 5.30కు సరిపోయే రెండు అంతర్జాతీయ సమయాలు దీనికి నిర్ణయమై ఉన్నాయి. తెలుగునాట హైదరాబాదు, విశాఖపట్నం, మచిలీపట్నం ఇటువంటి కేంద్రాలు. తీరం దాటి తూర్పుకు పోతే, అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ వరకు ఇక బెలూన్ ఎగరవేసే చోటు లేదు. మన తుపానులు పుట్టేదీ, పెరిగేదీ ఆ ఖాళీలోనే. ఉపగ్రహం అవసరం ఎంతటిదో ఈ ఒక్క విషయం చెబుతుంది.

2. వికిరణం నుండి ఉష్ణోగ్రతకు

ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతకు తగినట్లు వికిరణాన్ని వెలువరిస్తుంది. ఏ తరంగదైర్ఘ్యం వద్ద ఎంత వెలువరిస్తుందో ప్లాంక్ సూత్రం చెబుతుంది. కాబట్టి వికిరణాన్ని కొలిచి, సూత్రాన్ని వెనక్కు తిప్పితే ఒక ఉష్ణోగ్రత వస్తుంది. దీనిని దీప్తి ఉష్ణోగ్రత అంటారు. మైక్రోవేవ్ ప్రాంతంలో వికిరణ తీవ్రత ఉష్ణోగ్రతకు దాదాపు అనులోమానుపాతంలో ఉంటుంది కనుక లెక్క మరింత సులభం.

అయితే వాతావరణం ఒక గోడ కాదు. దానికి లోతు ఉంది. ఉపగ్రహానికి చేరిన వికిరణం ఏ ఎత్తు నుండి బయలుదేరిందో తెలియకపోతే ఆ కొలతకు అర్థం లేదు. ఇక్కడ ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఆదుకుంటాయి. ఈ రెండు వాయువులూ వాతావరణంలో దాదాపు ఏకరీతి నిష్పత్తిలో కలిసి ఉంటాయి. ఎక్కడ ఎంత ఉన్నాయో ముందే తెలుసు కనుక, వాటి నుండి వచ్చే వికిరణంలో మిగిలే ప్రధానమైన అజ్ఞాతరాశి ఉష్ణోగ్రతే. ఆక్సిజన్ 50–60 గిగాహెర్ట్‌జ్‌ల మధ్య, కార్బన్ డయాక్సైడ్ 15 మైక్రోమీటర్ల చుట్టూ బలంగా శోషిస్తాయి. నీటి ఆవిరి అలా కాదు. దాని పరిమాణం గంటగంటకూ మారుతుంది. అందుకే దానిని ఉష్ణోగ్రతకు కాక తేమను కనుక్కోవడానికి వాడుకుంటారు.

శోషణ పట్టీ నడిబొడ్డున ఉన్న పౌనఃపున్యాన్ని తీసుకుంటే, కింది పొరల నుండి వచ్చినదంతా మధ్యలోనే శోషణకు గురవుతుంది. ఉపగ్రహానికి పై పొరలే కనిపిస్తాయి. పట్టీ అంచుకు జరిగేకొద్దీ చూపు లోతుకు దిగుతుంది. పొగమంచు పలచబడేకొద్దీ వీధి చివరి ఇళ్లు కనబడినట్లే ఇదీ. ఒక పౌనఃపున్యంలో ఏ ఎత్తు వాటా ఎంత అన్నది చెప్పే వక్రాన్ని భార ప్రమేయం అంటారు. అమెరికా, యూరప్ ధ్రువకక్ష్యా ఉపగ్రహాలపై పనిచేసిన ఆమ్సు-ఏ పరికరంలో 15 ఛానళ్లు ఉన్నాయి. వాటిలో 53.6 గిగాహెర్ట్‌జ్ ఛానల్ ట్రోపో ఆవరణపు దిగువ, మధ్య భాగాలను, 54.94 గిగాహెర్ట్‌జ్ ఛానల్ సుమారు 10 కిలోమీటర్ల ఎత్తు పరిసరాలను, 57 గిగాహెర్ట్‌జ్ దాటిన ఛానళ్లు స్ట్రాటో ఆవరణాన్ని చూస్తాయి.

ఈ ఊహ పాతదే. వర్ణపటంలో వేర్వేరు చోట్ల వికిరణాన్ని కొలిస్తే వాతావరణ ఉష్ణోగ్రతను ఎత్తులవారీగా రాబట్టవచ్చునని లూయిస్ కప్లాన్ 1959లో చూపించాడు. పదేళ్లకు, 1969 ఏప్రిల్‌లో ప్రయోగించిన నింబస్-3 ఉపగ్రహంలోని పరారుణ వర్ణపటమాపకం దానిని ఆచరణలో నిరూపించింది. 1978 అక్టోబర్‌లో టైరోస్-ఎన్ ప్రయోగంతో ఇది నిత్యకృత్యమైంది. 2002లో ఆక్వా ఉపగ్రహంపై వెళ్లిన ఎయిర్స్ పరికరానికి 2378 ఛానళ్లు, 2006లో మెటాప్-ఏ పై వెళ్లిన ఇయాసీకి 8461 ఛానళ్లు.

3. విలోమ సమస్య

ఇన్ని ఛానళ్లు ఉన్నాయి కదా, ఉష్ణోగ్రతను ఎత్తులవారీగా కచ్చితంగా తేల్చవచ్చు అనిపిస్తుంది. అది సాధ్యం కాదు. భార ప్రమేయాలు సన్నని గీతలు కావు. మైక్రోవేవ్ ఛానళ్లలో ఒక్కొక్కటి అనేక కిలోమీటర్ల మందం గల పొరను కలిపి చూస్తుంది, పైగా అవి ఒకదానిపై ఒకటి వాలి ఉంటాయి. ఒక పొర 2 డిగ్రీలు వేడెక్కి, దాని పక్క పొర 2 డిగ్రీలు చల్లబడితే ఉపగ్రహానికి తేడా కనబడకపోవచ్చు. అంటే ఒకే వికిరణ సమూహాన్ని ఇచ్చే ఉష్ణోగ్రతా రేఖలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలో ఏది నిజమో కొలత ఒక్కటే చెప్పలేదు. ముందస్తు సమాచారం ఏదో ఒకటి తోడు కావాలి.

తొలి రెండు దశాబ్దాలలో ఆ ముందస్తు సమాచారం గణాంకాల నుండి వచ్చేది. పాత రేడియోసోండ్ కొలతల సరాసరులను ఆధారం చేసుకొని, వికిరణం నుండి ఉష్ణోగ్రతా రేఖను తయారుచేసి, బెలూన్ ఇచ్చిన కొలతే అన్నట్లుగా గణిత నమూనాకు అందించేవారు. దక్షిణార్ధగోళంలో దీనివల్ల మేలు జరిగింది. అక్కడ సముద్రమే ఎక్కువ, బెలూన్లు బహు తక్కువ, ఏమీ లేనిచోట ఏదైనా మేలే. ఉత్తరార్ధగోళంలో కథ వేరుగా నడిచింది. 1980ల చివర, 1990ల ఆరంభంలో యూరోపియన్ మధ్యకాలిక సూచన కేంద్రం జరిపిన పరీక్షల్లో, ఉపగ్రహ ఉష్ణోగ్రతలను చేర్చినందువల్ల అక్కడి సూచన పెద్దగా మెరుగుపడలేదు, కొన్ని సందర్భాల్లో దిగజారింది కూడా. కోట్లాది డాలర్ల పరికరాలు ఇచ్చిన సమాచారాన్ని చేర్చితే ఫలితం చెడిపోవడం శాస్త్రజ్ఞులకు మింగుడుపడని విషయమే.

దోషం పరికరానిది కాదు. నమూనా గత 6 గంటల లెక్కతో ఇచ్చే ముందస్తు అంచనా అప్పటికే గణాంక సరాసరికన్నా మెరుగ్గా ఉంది. ఆ మంచి అంచనాపై, సరాసరి వాసన అంటిన ఉష్ణోగ్రతా రేఖను రుద్దుతున్నారు. ఉపగ్రహం చూసినదెంత, గణాంకం పూరించినదెంత అన్నది విడదీయడానికి వీలులేకుండా కలిసిపోయింది. వాయుగుండాలు బలపడే చోట వాతావరణం సరాసరికి దూరంగా ఉంటుంది. సరిగ్గా అక్కడే ఈ రేఖలు దానిని సరాసరి వైపు లాగేవి.

4. ప్రశ్నను తిరగవేయడం

పరిష్కారం ప్రశ్నను తిరగవేయడంలో దొరికింది. వికిరణం నుండి ఉష్ణోగ్రతను రాబట్టడం కష్టం. ఉష్ణోగ్రత తెలిస్తే వికిరణం ఎంత వస్తుందో లెక్కగట్టడం భౌతికశాస్త్రానికి సులభం. నమూనా ఇచ్చిన ముందస్తు అంచనా నుండి ‘ఉపగ్రహం ఇప్పుడు చూస్తే ఇంత దీప్తి ఉష్ణోగ్రత కనబడాలి’ అని లెక్కించి, నిజంగా కనబడినదానితో పోలుస్తారు. రెండింటి మధ్య తేడానే వార్త. ఆ తేడాను తగ్గించేలా, అంచనాలోని దోషాల స్వభావానికి, కొలతలోని దోషాల స్వభావానికి తగిన తూకంతో నమూనా ఆరంభస్థితిని సవరిస్తారు. దీనికే దత్తాంశ సమ్మేళనం అని పేరు. 1990ల మధ్యలో అమెరికా జాతీయ కేంద్రం, ఆ దశాబ్దంలోనే యూరోపియన్ కేంద్రం వికిరణాన్ని నేరుగా వాడే ఈ మార్గంలోకి వచ్చాయి. 1997 నవంబర్‌లో యూరోపియన్ కేంద్రం కాలాన్ని కూడా కలుపుకొన్న నాలుగు పరిమాణాల పద్ధతిని అమలుచేసింది. దానితో ఉపగ్రహం ఏ నిమిషంలో చూసిందో ఆ నిమిషపు నమూనాతోనే పోల్చడం సాధ్యమైంది.

ఫలితం కళ్లకు కట్టినట్లుంది. 1980లలో దక్షిణార్ధగోళపు సూచన ఉత్తరార్ధగోళంకన్నా చాలా వెనకబడి ఉండేది. కొత్త శతాబ్దం మొదలయ్యేసరికి ఆ అంతరం దాదాపు పూడిపోయింది. బెలూన్ల సంఖ్య పెరగలేదు. పెరిగింది ఉపగ్రహ సమాచారం, దానిని వాడుకునే తెలివి. మన దేశంలో నోయిడాలోని జాతీయ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రం ఈ పద్ధతినే అనుసరిస్తూ విదేశీ ఉపగ్రహాల వికిరణంతోపాటు ఇన్సాట్ వికిరణాన్నీ నమూనాలోకి తీసుకుంటోంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. నేటి నమూనాల ముందస్తు అంచనా ఎంత మెరుగైనదంటే, మధ్య ట్రోపో ఆవరణాన్ని చూసే మైక్రోవేవ్ ఛానళ్లలో లెక్కకు, కొలతకు మధ్య యాదృచ్ఛికమైన తేడా 0.2 కెల్విన్ లోపే ఉంటుంది. వెతుకుతున్న వార్త అంత చిన్నది. పరికరంలోని క్రమదోషం, అంటే ఎప్పుడూ ఒకే దిక్కున ఉండే దోషం, తరచుగా దానికన్నా పెద్దది. కాబట్టి క్రమదోషాన్ని తీసివేయకుండా ఒక్క అడుగు ముందుకు పడదు. తీసివేయాలంటే సత్యం తెలియాలి. సత్యం స్థానంలో నమూనానే నిలబెడితే, నమూనాకున్న సొంత దోషం ఉపగ్రహం ఖాతాలో పడుతుంది. నమూనా ఎప్పుడూ అర డిగ్రీ చల్లగా ఉంటే, ఉపగ్రహమే అర డిగ్రీ వేడి చూపుతోందని తీర్పు వస్తుంది. దొంగే సాక్షి అయినట్లు.

ఈ వలయం నుండి బయటపడడానికి దిద్దుబాటు అవసరం లేని కొలతలు కొన్ని లంగరుగా ఉండాలి. రేడియోసోండ్ ఒకటి. 2006లో కాస్మిక్ ఉపగ్రహ సముదాయం వచ్చాక జీపీఎస్ రేడియో సంకేతాల వంపు రెండవది. నావిగేషన్ ఉపగ్రహం నుండి వచ్చే సంకేతం వాతావరణపు అంచును ఒరుసుకుంటూ పోయేటప్పుడు ఎంత వంగిందో అణుగడియారపు కచ్చితత్వంతో కొలవవచ్చు. 8 నుండి 30 కిలోమీటర్ల ఎత్తు వరకు అది ఉష్ణోగ్రతకు నమ్మకమైన ఆధారం. కిందికి దిగితే తేమ ప్రభావం ఉష్ణోగ్రత ప్రభావంతో కలిసిపోతుంది. బంగాళాఖాతం మీది గాలిలో తేమకు కొదవ లేదు కనుక ఈ లంగరు మనకు పై పొరలలోనే పట్టు ఇస్తుంది.

5. ఉష్ణమండలంలో ఉష్ణోగ్రతకున్న పరిమితి

పైన చెప్పిన విజయగాథ ప్రధానంగా సమశీతోష్ణ మండలానిది. మన పాఠ్యగ్రంథాలు దానిని మనకూ యథాతథంగా వర్తింపజేస్తున్నాయి. అది సరికాదని నా అభిప్రాయం. కారణాన్ని అంకెలతో చూపవచ్చు.

1000, 500 హెక్టోపాస్కల్‌ల మధ్యనున్న గాలి పొర సగటు ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే ఆ పొర మందం సుమారు 20 మీటర్లు పెరుగుతుంది. పక్కపక్క ప్రాంతాల మధ్య ఈ మందాల తేడాయే పైకి పోయేకొద్దీ గాలి ఎలా మారుతుందో నిర్ణయిస్తుంది. అందుకే సమశీతోష్ణ మండలంలో ఉష్ణోగ్రతను కొలిస్తే గాలిని కూడా కొలిచినట్లే. అయితే ఈ సంబంధం భూభ్రమణం వల్ల కలిగే కొరియోలిస్ బలంపై ఆధారపడి ఉంది. 45 డిగ్రీల అక్షాంశం వద్ద, 1000 కిలోమీటర్ల దూరంలో 1 డిగ్రీ తేడా ఉంటే ఆ పొర అడుగు నుండి పైకి గాలివేగంలో వచ్చే మార్పు సెకనుకు సుమారు 2 మీటర్లు. మచిలీపట్నానికి కాస్త దక్షిణంగా 15 డిగ్రీల అక్షాంశం వద్ద అదే తేడాకు మార్పు సెకనుకు 5 మీటర్లకు పైబడుతుంది. మరోవిధంగా చెప్పాలంటే, కొలతలో 1 డిగ్రీ పొరపాటు అక్కడ 2 మీటర్ల పొరపాటైతే ఇక్కడ 5 మీటర్ల పొరపాటు. పైగా ఉష్ణమండలంలో ప్రాంతానికి ప్రాంతానికి ఉష్ణోగ్రతలో తేడాలే స్వల్పం. గాలులలో మాత్రం తేడాలు స్వల్పం కావు. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఈ సంబంధమే సడలిపోతుంది.

కాబట్టి ఇక్కడ ఉష్ణోగ్రతతోపాటు గాలిని కూడా వేరుగా కొలవవలసి ఉంటుంది. మేఘాల కదలికను వరుస చిత్రాలలో పట్టుకొని గాలిని అంచనా వేయడం, సముద్రపు అలల గరుకుతనం నుండి ఉపరితల గాలిని రాబట్టడం, 2018 ఆగస్టులో ప్రయోగించిన ఏయోలస్ ఉపగ్రహం లేజర్ కిరణంతో చేసిన కొలతలు ఈ కోవలోనివి. నాలుగు పరిమాణాల పద్ధతిలో తేమ ఎటు తరలిందో గమనించి గాలిని పరోక్షంగా సరిదిద్దడం కూడా జరుగుతోంది.

రెండవ అడ్డంకి మేఘం. పరారుణ వికిరణం దట్టమైన మేఘాన్ని దాటి రాలేదు. ఇన్సాట్-3డి 2013లో, ఇన్సాట్-3డిఆర్ 2016లో, ఇన్సాట్-3డిఎస్ 2024 ఫిబ్రవరిలో కక్ష్యకు చేరాయి. చివరి రెండూ శ్రీహరికోట నుండి బయలుదేరినవే. మూడింటిలోనూ 19 ఛానళ్ల సౌండర్ ఉంది. భూస్థిర కక్ష్యలో ఉండి ఒకే ప్రాంతాన్ని మళ్లీమళ్లీ చూడగలగడం దాని బలం. నైరుతి రుతుపవనాల కాలంలో మేఘం కమ్మినచోట మాత్రం దాని చూపు మేఘాగ్రం దగ్గర ఆగిపోతుంది. మనకు సమాచారం అత్యవసరమైన రోజునే అది కరువవుతుంది. మేఘాన్ని చాలావరకు దాటిచూడగల మైక్రోవేవ్ పరికరాన్నే అక్కడ పెట్టవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. అడ్డువచ్చేది దూరం. 55 గిగాహెర్ట్‌జ్ తరంగదైర్ఘ్యం సుమారు 5.5 మిల్లీమీటర్లు. 36,000 కిలోమీటర్ల నుండి 50 కిలోమీటర్ల ప్రాంతాన్ని విడిగా చూడాలంటే కనీసం 4 మీటర్ల వెడల్పైన యాంటెన్నా కావాలి. 800 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున తిరిగే ధ్రువకక్ష్యా ఉపగ్రహానికి అదే పని 10 సెంటీమీటర్ల పరిమాణంతో నెరవేరుతుంది. ఆ ఉపగ్రహం మాత్రం మన ప్రాంతం మీదుగా రోజుకు రెండుసార్లే పోతుంది.

6. తుపాను గర్భంలోని వేడి

తుపాను కేంద్రంలో, ముఖ్యంగా 8–12 కిలోమీటర్ల ఎత్తున, గాలి చుట్టుపక్కలకన్నా వేడిగా ఉంటుంది. నీటి ఆవిరి మేఘంగా మారినప్పుడు విడుదలైన గుప్తోష్ణం, కంటి భాగంలో కిందికి దిగుతూ సంపీడనం చెందే గాలి దీనికి కారణాలు. 500, 200 హెక్టోపాస్కల్‌ల మధ్య పొర 5 డిగ్రీలు వేడెక్కిందనుకుందాం. దాని మందం దాదాపు 134 మీటర్లు పెరుగుతుంది. పై ఉపరితలం కదలదనుకుంటే అడుగున ఒత్తిడి సుమారు 15 హెక్టోపాస్కల్‌లు పడిపోవాలి. ఉపగ్రహం పై పొర ఉష్ణోగ్రతను చూసి సముద్రమట్టపు ఒత్తిడిని, దాని ద్వారా తుపాను బలాన్ని అంచనా వేయగలగడానికి ఆధారం ఇంత సరళమైన లెక్క.

ఆచరణలో ఇది తక్కువ అంచనాకే దారితీస్తుంది. ఆమ్సు-ఏ సరిగ్గా తన కిందనున్న చోట సుమారు 48 కిలోమీటర్ల వ్యాసం గల ప్రాంతాన్ని ఒకే అంకెగా చూస్తుంది, పక్కలకు పోయేకొద్దీ ఆ ప్రాంతం ఇంకా పెద్దదవుతుంది. తుపాను కన్ను 20–30 కిలోమీటర్లే ఉంటే, లోపలి వేడి చుట్టూ ఉన్న గాలితో కలిసి సగటున పలచబడుతుంది. అందువల్ల ఈ పద్ధతిలో కంటి పరిమాణాన్ని బట్టి దిద్దుబాటు చేయవలసి వస్తుంది. వెర్నాన్ డ్వోరాక్ 1970లలో రూపొందించిన, మేఘాల ఆకృతిని బట్టి, ఆ తరువాత మేఘాగ్రపు, కంటి ఉష్ణోగ్రతల తేడాను కూడా బట్టి బలాన్ని నిర్ణయించే పద్ధతి నేటికీ సూచన కేంద్రాల్లో నిలిచి ఉండడానికి ఒక కారణం ఇదే. భౌతికశాస్త్రపరంగా అది పరోక్షమైనదే అయినా, అరగంటకొక చిత్రం అందుతుంది.

తుపాను మార్గాన్ని చెప్పడంలో గత మూడు దశాబ్దాలలో వచ్చిన ప్రగతి, దాని బలాన్ని చెప్పడంలో అంతగా రాకపోవడాన్ని కూడా ఈ వెలుగులోనే చూడాలి. మార్గాన్ని నిర్ణయించేది తుపాను చుట్టూ వందల కిలోమీటర్ల మేర ఉన్న గాలుల విన్యాసం. ఆ కొలమానంలో ఉపగ్రహ సమాచారం పుష్కలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటుతుందని ముందుగానే చెప్పగలిగారు. బలం నిర్ణయమయ్యేది కేంద్రానికి చుట్టూ కొన్ని పదుల కిలోమీటర్లలో. అక్కడ మైక్రోవేవ్ పరికరం చూపు మొద్దుబారుతుంది, పరారుణ పరికరానికి మేఘం అడ్డు, బెలూన్ ఎగరవేసేవారు ఉండరు.

ఈ లోటును పూరించే ప్రయత్నాలు రెండు దిక్కుల సాగుతున్నాయి. ఒకటి కక్ష్యను మార్చడం. 2011 అక్టోబర్‌లో భారత్, ఫ్రాన్స్ కలిసి ప్రయోగించిన మేఘా-ట్రాపిక్స్ భూమధ్యరేఖకు 20 డిగ్రీల వాలులోనే తిరుగుతూ ఉష్ణమండలాన్ని రోజుకు అనేకసార్లు చూసింది. అందులోని సఫీర్ పరికరం కొలిచింది తేమనే గాని ఉష్ణోగ్రతను కాదు. రెండవది పరికరాన్ని చిన్నదిగా చేసి సంఖ్యను పెంచడం. 2023 మేలో అమెరికా ప్రయోగించిన ట్రాపిక్స్ సముదాయంలోని నాలుగు చిన్న ఉపగ్రహాలు 118 గిగాహెర్ట్‌జ్ వద్ద ఉన్న మరో ఆక్సిజన్ రేఖను వాడుకున్నాయి. తరంగదైర్ఘ్యం సగానికి తగ్గడంతో యాంటెన్నా కూడా చిన్నదైతే చాలు. అందుకు చెల్లించే మూల్యం, ఆ పౌనఃపున్యంలో వానచినుకుల, మంచుకణాల ప్రభావం 55 గిగాహెర్ట్‌జ్‌కన్నా ఎక్కువగా ఉండడం. మేఘంతో కలగలిసిన ఆ సంకేతం నుండి ఉష్ణోగ్రతను ఎంతమేరకు వేరుచేయగలం అన్న ప్రశ్న బంగాళాఖాతపు తుపానులపై పనిచేసే పరిశోధకుల ముందు ఇంకా తెరిచే ఉంది.